పూజలో మీ వంతు మాట ఎవరు చెబుతున్నారు? – చర్చిలో ఉత్తర ప్రత్యుత్తర పఠనం, మన ఇంట్లో "మమ"



గృహప్రవేశం వీడియో పెట్టినప్పటి నుంచి ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో వస్తోంది. "క్రిస్మస్‌కి ఫ్రెండ్‌తో చర్చికి వెళ్లాను. ఫాదర్ ఒక వాక్యం చదివితే జనమంతా కలిసి తర్వాతి వాక్యం చదువుతున్నారు. చిన్నపిల్లలు కూడా. మన పూజలో మాత్రం పంతులుగారు గంటన్నర చదువుతుంటే మనం చేతులు జోడించి కూర్చుంటాం. మనకెందుకు అలాంటిది లేదు?"

చిన్న జవాబు: మనకీ ఉంది. మన వంతు మాటలు కూడా వేరేవాళ్లే చెప్పేస్తున్నారు, అంతే. ఆ మాట వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పి వదిలేశాను. కానీ ఎలా పోయింది, పోతే ఏం నష్టం, తిరిగి రావడానికి ఏం చేయాలి అన్నది అర్థం కావాలంటే ముందు చర్చి సంగతే తెలుసుకోవాలి. ఎందుకంటే వాళ్లకీ ఇది ఒకసారి పోయింది. దాని మీద వాళ్లు గట్టిగా వాదులాడుకున్నారు, మళ్లీ తెచ్చుకున్నారు. ఆ కథంతా రాతపూర్వకంగా ఉంది. భక్తి ఛానెల్లో చర్చి గురించి ఎందుకండీ అనేవాళ్లు ఉంటారని తెలుసు. పక్కింటివాళ్లు తమ ఇల్లు ఎలా సర్దుకున్నారో చూసినంత మాత్రాన మన ఇల్లు వాళ్లదైపోదు కదా.

అసలు అక్కడ జరిగేదేమిటి

ఇంగ్లిష్‌లో దీన్ని రెస్పాన్సివ్ రీడింగ్ అంటారు. మన తెలుగులో ఉత్తర ప్రత్యుత్తరాలుగా చదవడం అనుకోండి. ఆరాధన నడిపే ఆయన ఒక వాక్యం చదువుతారు, కూర్చున్నవాళ్లంతా కలిసి తర్వాతి వాక్యం చదువుతారు. అమెరికాలో చాలా ప్రొటెస్టెంట్ చర్చిల పాటల పుస్తకాల వెనక భాగంలో ఇందుకోసమే కొన్ని పేజీలు ఉంటాయి. నాయకుడు చదివేది మామూలు అక్షరాల్లో, జనం చదివేది లావు అక్షరాల్లో. కొత్తగా వచ్చినవాడికి కూడా ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, లావు అక్షరం కనిపిస్తే నోరు తెరవాలి.

చదివేవి ఎక్కువగా బైబిల్లోని కీర్తనలు. వాటిలో కొన్ని పుట్టడమే ఇలా పుట్టాయేమో అనిపిస్తుంది. 136వ కీర్తన చూడండి. 26 చరణాలు. ప్రతి చరణంలో మొదటి సగం మారుతూ ఉంటుంది: సృష్టి, సూర్యచంద్రులు, ఐగుప్తు నుంచి విడుదల, ఇలా. రెండో సగం మాత్రం 26 సార్లూ అదే మాట, దేవుడి కృప ఎప్పటికీ ఉంటుందని. కాగితం మీద చదివితే విసుగు. ఒకరు మొదటి సగం, వందమంది రెండో సగం అన్నారనుకోండి, అప్పుడు దాని ప్రాణం తెలుస్తుంది. మన కీర్తనలో పల్లవి చేసే పని అదే. చరణం ఎటు తిరిగినా పల్లవి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది, ఆ పల్లవి అందరికీ నోటికొస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి, తర్వాత పనికొస్తుంది. గుంపుగా పలకడం అంతా ఒకటే కాదు.

ఒకటి, చెప్పిందే తిరిగి చెప్పడం. వేదం నేర్పేటప్పుడు గురువుగారు ఒకసారి అంటే శిష్యులు రెండుసార్లు అంటారు. దాన్ని సంథ చెప్పడం అంటాం. ఇది ఎంత పాతదంటే ఋగ్వేదం ఏడో మండలంలో కప్పల మీద ఒక సూక్తం ఉంది. వానాకాలం రాగానే ఒక కప్ప అంటే ఇంకో కప్ప అదే మాట అందుకోవడం, గురువు మాటను శిష్యుడు అందుకున్నట్టు ఉందని అందులో ఋషి పోలుస్తాడు. (వేదంలో హాస్యం లేదనేవాళ్లకి నేను ముందు చూపించేది ఆ సూక్తమే.) చర్చిలోనూ ఇది ఉంది. 1645లో ఇంగ్లండులో వచ్చిన ఆరాధన నియమావళి, జనంలో చాలామందికి చదువు రాని చోట కీర్తనను ఒక్కో పంక్తిగా ముందు చదివి తర్వాత పాడించమని చెప్పింది. మన భజనల్లో ఎక్కువ భాగం ఇదే పద్ధతి.

రెండోది, వంతులు. గుంపు రెండు సగాలై ఒకరి తర్వాత ఒకరు అందుకోవడం. క్రైస్తవ మఠాల్లో సన్యాసులు ఎదురెదురు వరసల్లో కూర్చుని కీర్తనలు ఇలా చదువుతారు. మన వైష్ణవాలయాల్లో ప్రబంధ గోష్ఠి చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో లలితా సహస్రనామం రెండు జట్లుగా చదివే అమ్మలకీ కొత్త కాదు.

మూడోది జవాబు. ఒకరు అడుగుతారు, లేదా ప్రకటిస్తారు. విన్నవాళ్లు దానికి కట్టుబడుతూ ఒక మాట అంటారు. ఇది తిరిగి చెప్పడమూ కాదు, వంతూ కాదు. ఈ జవాబు అన్నవాడు ఆ మాటకి బాధ్యుడవుతాడు. నా దృష్టిలో అసలు విషయం ఈ మూడోదే. మిగతా రెండూ పోతే అందం పోతుంది. ఇది పోతే కర్మే పోతుంది.

ఆమెన్ అన్నది సంతకం లాంటిది

బైబిల్ పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలో ఒక దృశ్యం ఉంది. ఇశ్రాయేలు గోత్రాలు పన్నెండు. ఆరు గోత్రాలు గెరిజీము కొండ మీద, ఆరు ఏబాలు కొండ మీద నిలబడాలి. లేవీయులు, అంటే వాళ్ల పూజారి వర్గం, పెద్దగొంతుతో ఒక్కో శాపం చదవాలి. పొరుగువాడి పొలం గట్టు రాయి జరిపినవాడికి శాపం. గుడ్డివాడిని దారి తప్పించినవాడికి శాపం. ఇలా పన్నెండు. ప్రతిదాని తర్వాత జనమంతా "ఆమెన్" అనాలి.

ఆమెన్ హీబ్రూ మాట. "అలాగే అగుగాక" అని అర్థం, మన తథాస్తు దగ్గర్లో ఉంటుంది. కానీ ఇక్కడ తథాస్తు ఎవరి మీద? తన మీదే. గట్టు రాయి జరిపితే ఆ శాపం నాకూ తగులుతుందని పన్నెండుసార్లు ఒప్పుకుంటున్నాడు. పైగా ఆ తప్పుల్లో చాలా మట్టుకు ఎవరూ చూడకుండా చేసేవే. పోలీసూ సాక్షీ లేని చోట మనిషిని పట్టుకునేది అతను తన నోటితో అన్న మాటే.

క్రీస్తు తర్వాత తొలి తరంలోనే పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం 14వ అధ్యాయంలో ఒక ప్రశ్న వేస్తాడు. మీరు ఎవరికీ తెలియని భాషలో ప్రార్థిస్తే, పక్కన కూర్చున్న మామూలు మనిషి అర్థం కాకుండా దానికి ఆమెన్ ఎలా అంటాడు? చాలా సూటి ప్రశ్న. రెండు వేల ఏళ్ల కిందటి కొరింథును వదిలేసి, మనం సంకల్పం చెప్పుకునేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఇదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

సుమారు 155లో రోమ్‌లో ఉన్న జస్టిన్ అనే ఆయన చక్రవర్తికి విన్నపం రాస్తూ, మా సభలో పెద్ద ప్రార్థన ముగించగానే జనమంతా ఆమెన్ అని సమ్మతి తెలుపుతారని వివరిస్తాడు. సమ్మతి అన్న మాట గుర్తుపెట్టుకోండి. బయటివాళ్ల సాక్ష్యం ఇంకా పాతది. సుమారు 112లో ప్లినీ అనే రోమన్ అధికారి ఇప్పటి టర్కీ ప్రాంతం నుంచి ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, ఈ క్రైస్తవులు ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కలిసి, ఒకరికొకరు వంతులుగా క్రీస్తుని దేవుడిలా స్తుతిస్తూ పలుకుతారని విచారణలో తేలినట్టు చెబుతాడు. నేరమేమిటో వెతకబోయిన అధికారికి దొరికిన సంగతుల్లో ఇదొకటి. తెల్లవారుజామున లేచి కలిసి పాడటం. ధనుర్మాసంలో మనం చేసేదే కదా అనిపించింది నాకు, ఆ ఉత్తరం గురించి మొదటిసారి చదివినప్పుడు.

మిలాన్‌లో ఆ రాత్రులు

386వ సంవత్సరం, ఇటలీలోని మిలాన్. బాల చక్రవర్తి రెండో వాలెంటినియన్ తల్లి జస్టీనా వేరే క్రైస్తవ వర్గానికి అనుకూలం. ఊళ్లోని ఒక ప్రార్థనాలయాన్ని ఆ వర్గానికి అప్పగించమని ఒత్తిడి తెచ్చింది. బిషప్ ఆంబ్రోస్ ఒప్పుకోలేదు. జనం ఆయనతో పాటు చర్చిలోనే రాత్రింబవళ్లు ఉండిపోయారు, చావుకైనా సిద్ధపడి. వాళ్లలో మోనికా అనే ఒక తల్లి కూడా ఉంది. ఆమె కొడుకు అగస్టీన్ తర్వాత తన ఆత్మకథలో ఆ రోజుల్ని గుర్తుచేసుకున్నాడు.

భయంతో, అలసటతో జనం కుంగిపోకుండా ఉండటానికి అప్పుడే అక్కడ తూర్పు దేశాల పద్ధతిలో కీర్తనలూ పాటలూ కలిసి పాడటం మొదలుపెట్టారని అగస్టీన్ చెబుతాడు. ఆంబ్రోస్ జీవితచరిత్ర రాసిన పౌలినస్ కూడా వంతుల గానం మిలాన్‌లో అప్పుడే మొదలైందని రాశాడు. అప్పటికి తూర్పున ఆ పద్ధతి బాగా నడుస్తోంది. కైసరియ బిషప్ బాసిల్ ఒక ఉత్తరంలో తమ ఊళ్లో రాత్రి జాగరణ ఎలా జరుగుతుందో చెబుతాడు. జనం రెండు భాగాలై ఒకరికొకరు ఎదురు పాడతారు. తర్వాత ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఇది కొత్తపోకడ అని పొరుగూరివాళ్లు తప్పుపడితే సమాధానంగా రాసిన ఉత్తరం అది. శివరాత్రి జాగరణ భజన మండలిని వర్ణించినట్టే ఉంటుంది.

ఆలోచించండి. బయట సైనికులు, లోపల భయపడ్డ జనం. వాళ్లకి వినడానికి మంచి గాయకుడిని పెట్టొచ్చు. ఆంబ్రోస్ గొప్ప వక్త, గంటలకొద్దీ ఆయనే మాట్లాడొచ్చు. కానీ జనం నోటికి పని చెప్పారు. వింటూ కూర్చున్నవాడు మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు. జవాబు చెప్పాల్సినవాడు లేచి వెళ్తే అక్కడ ఖాళీ కనిపిస్తుంది.

ఎలా పోయింది, ఎలా తిరిగొచ్చింది

ఇంత బలమైనది కూడా పోయింది. పడమటి ఐరోపాలో ఆరాధన లాటిన్‌లోనే ఉండిపోయింది, జనం భాషలు వేరైపోయాయి. అర్థం కాని భాషలో జవాబు ఎవరు చెబుతారు? గాయక బృందం చెప్పింది. చిన్న చర్చిల్లో బలిపీఠం దగ్గర సాయం చేసే కుర్రవాడు జనం తరఫున లాటిన్‌లో జవాబులు చెప్పాడు. జనం వెనక కూర్చుని తమ జపమాల తాము తిప్పుకున్నారు. భక్తి లేక కాదు. వాళ్ల వంతు అనేది ఒకటుందని కూడా వాళ్లకి తెలియలేదు.

ఇంగ్లండులో 1549లో ప్రార్థనల పుస్తకం ఇంగ్లిష్‌లోకి వచ్చింది. జనం జవాబులు జనం భాషలోకి వచ్చాయి. సమస్య తీరిందనుకుంటాం. కానీ అక్కడ ప్రతి ఊరి చర్చిలో క్లర్క్ అని ఒక ఉద్యోగి ఉండేవాడు. జవాబులకి ముందుండి జనాన్ని నడిపించడం అతని పని. రానురాను చాలా చోట్ల అతనొక్కడే జవాబు చెప్పేవాడుగా మిగిలాడు. పాత ఇంగ్లిష్ చర్చిల్లో మూడంతస్తుల ప్రసంగ పీఠాలు ఇప్పటికీ ఉన్నాయి: పైన ప్రసంగానికి, మధ్యలో పఠనానికి, అడుగున క్లర్క్‌కి. అంటే ఫాదర్ ఒక అంతస్తు నుంచి అడుగుతాడు, కింది అంతస్తు నుంచి జీతగాడు జవాబిస్తాడు. జనం మధ్యలో ప్రేక్షకులు. భాష మారినంత మాత్రాన అలవాటు మారదన్నమాట.

1661లో లండన్‌లోని సవాయ్‌లో బిషప్పులకీ ప్యూరిటన్ వర్గానికీ చర్చలు జరిగాయి. ప్యూరిటన్లు ఈ జవాబుల పద్ధతే వద్దన్నారు. వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. దేవుడి ముందు జనం తరఫున మాట్లాడటానికే కదా పురోహితుడిని పెట్టుకున్నది, మధ్యలో జనం గొణుగుడు ఎందుకు? వంతులుగా చదివితే గందరగోళంగా వినిపించి చదివింది కూడా అర్థం కాదు. జనం మనసులో కలిసి, చివర్లో ఆమెన్ అంటే చాలు. దానికి బిషప్పులు ఇచ్చిన సమాధానం: జవాబులు భక్తిని రేపుతాయి, నిలుపుతాయి, అందరినీ కలుపుతాయి. ఒక్కడే సాగదీసి చదివే ప్రార్థనలో మనసు జారిపోతుంది. మరుసటి ఏడాది వచ్చిన 1662 పుస్తకంలో జవాబులు ఉండిపోయాయి.

ఈ వాదనలో ఎవరు రైటు? నేను బిషప్పుల వైపే. కానీ ప్యూరిటన్లు పట్టుకున్న ఒక పాయింట్ మనకి పనికొస్తుంది. అందరూ కలిసి అర్థం లేకుండా గొణిగితే అది జవాబు కాదు, చప్పుడు. ఇవాళ కూడా లావు అక్షరాలు చదువుతూ మధ్యాహ్నం బిర్యానీ గురించి ఆలోచించే జనం చర్చిలో ఉంటారు, వాళ్లే ఒప్పుకుంటారు. మన తెలుగు ఊళ్లలోనే చూడండి, పుస్తకం పద్ధతి ఉన్న సీఎస్ఐ, కాథలిక్ చర్చిలు ఒక రకం. ముద్రించిన జవాబులేవీ లేకుండా ప్రసంగం మధ్యలోనే జనం "ఆమెన్", "స్తోత్రం", "హల్లెలూయ" అని అందుకునే సంఘాలు ఇంకో రకం. రెండో రకంవాళ్లకి మొదటివాళ్లది బండ చదువులా కనిపిస్తుంది, మొదటివాళ్లకి రెండోవాళ్లది గోలలా కనిపిస్తుంది. సవాయ్ వాదన ఇంకా అయిపోలేదన్నమాట.

కాథలిక్కుల్లో మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబర్ 4న ఆరాధన గురించిన శాసనం వెలువరించింది. ఓట్లు 2147 అనుకూలం, 4 వ్యతిరేకం. జనం జవాబులతో, కీర్తనలతో చురుగ్గా పాల్గొనాలని అందులో స్పష్టంగా ఉంది. 1965 మార్చి 7న ఆరో పాల్ పోపు రోమ్‌లో ఒక మామూలు పేటలోని చర్చిలో లాటిన్ బదులు ఇటాలియన్‌లో పూజ చేశారు. మీ ఫ్రెండ్‌తో వెళ్లింది కాథలిక్ చర్చి అయితే, అక్కడ చిన్నపిల్లలు తెలుగులో గట్టిగా జవాబు చెబుతున్నారంటే, అది అనాదిగా అలాగే ఉన్నది కాదు. మన తాతల కాలంలో తిరిగి తెచ్చుకున్నది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం

వైదిక యజ్ఞమే సంభాషణ మీద నడుస్తుంది. అధ్వర్యుడు "వినిపించు" అన్న అర్థం వచ్చే పిలుపు ఇస్తాడు, అది నాలుగు అక్షరాలు. ఆగ్నీధ్రుడు "అలాగే, వినబడుగాక" అని జవాబిస్తాడు, నాలుగు అక్షరాలు. అధ్వర్యుడు హోతని యజించమంటాడు, రెండు. హోత "యజిస్తున్నాం" అంటాడు, అయిదు. చివర వషట్కారం రెండు. మొత్తం పదిహేడు. తైత్తిరీయ సంహిత ఈ పదిహేడు లెక్కపెట్టి, యజ్ఞంలో ఉన్న ప్రజాపతి ఇదే అంటుంది. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఇది. దేవుడు ఆ మంత్రంలో ఉన్నాడు, ఈ ద్రవ్యంలో ఉన్నాడు అనలేదు. ఒకరు పిలవడం, ఇంకొకరు పలకడం, ఆ పిలుపూ పలుకూ కలిసిన లెక్కలో ఉన్నాడన్నది.

సరే, అది ఋత్విక్కుల మధ్య. మరి యజమాని, అంటే ఖర్చు పెట్టుకుని పీట మీద కూర్చున్న మీరు? హోమంలో ఆహుతి పడగానే వినిపించే "ఇదం న మమ" గుర్తుందా? "ఇది నాది కాదు" అని. ఇది యజమాని అనాల్సిన మాట. మీమాంస శాస్త్రంలో దీని మీద పెద్ద చర్చే ఉంది. యజమాని అన్నీ తనే చేయాలా, వేరేవాళ్లతో చేయించొచ్చా? మిగతా పనులు ఋత్విక్కులు చేయొచ్చు, వాళ్లకి దక్షిణ ఇచ్చేది అందుకే. కానీ ద్రవ్యాన్ని వదులుకోవడం, ఆ త్యాగం, యజమానే చేయాలి. లాజిక్ చాలా సులువు. నా వస్తువుని "నాది కాదు" అని ఇంకొకడు అంటే అది త్యాగం ఎలా అవుతుంది? సవాయ్‌లో ప్యూరిటన్లు అడిగిన ప్రశ్నకి మీమాంసకుల జవాబు ఇలా ఉంటుందనుకోవచ్చు: చాలా మటుకు పురోహితుడు మీ నోరు కావచ్చు, కానీ ఒక మాట దగ్గర కాలేడు.

పుణ్యాహవాచనం తీసుకోండి. ఇంట్లో ఏ శుభకార్యమైనా ముందు ఇది ఉంటుంది. వాచనం అంటే ఇక్కడ చదవడం కాదు, పలికించడం. ఇంటాయన అక్కడున్న బ్రాహ్మణులని "ఇది పుణ్యమైన రోజని మీరు పలకండి" అని అడుగుతాడు. వాళ్లు "పుణ్యాహం" అంటారు. అలాగే "స్వస్తి", "ఋద్ధి". మూడేసి సార్లు. అంటే పేరులోనే ప్రశ్న, జవాబు ఉన్నాయి. ఇప్పుడు మన ఫ్లాట్‌లో ఏం జరుగుతోంది? ఉన్నది ఒక్క పురోహితుడు. అడిగేదీ ఆయనే, జవాబిచ్చేదీ ఆయనే. మూడంతస్తుల పీఠంలో పై రెండూ, అడుగుదీ ఒక్కరే అన్నమాట. ఇంటాయన కలశం పట్టుకుని ఫోటోగ్రాఫర్ వైపు చూస్తుంటాడు.

ఇందులో పురోహితులని తప్పుపట్టడానికేం లేదు. ఆయన రెండో పెళ్లికి పదిన్నరకి వెళ్లాలి. మీకు మాట రాదు, ఒక్కో పదం పలికిస్తే ముహూర్తం దాటుతుంది. మీ తరఫున అనేస్తాడు. మొహమాటానికి "మమ అనండి" అంటాడు, మీరు "మమ" అంటారు. సంకల్పంలో దేశం, కాలం, గోత్రం, నామం, ఈ పని ఎందుకు చేస్తున్నామన్నది అంతా చెప్పాక ఆ భారమంతా మోసే మాట అది. "మమ" అంటే "నా". కానీ అది ఎంత ఖాళీ అయిపోయిందంటే, తెలుగులో ఏ పనైనా మొక్కుబడిగా ముగించేస్తే "మమ అనిపించాడు" అంటున్నాం. ఆఫీసులో అప్రైజల్ మీటింగ్ గురించి కూడా. పౌలు అడిగిన ప్రశ్న, అర్థం కానివాడు ఆమెన్ ఎలా అంటాడన్నది, మన భాష ఒక సామెతలో ఎప్పుడో అడిగేసింది.

పెళ్లి విషయంలో ఇది ఇంకా బరువైనది. ధర్మంలో, అర్థంలో, కామంలో మా అమ్మాయిని మీరి నడవకూడదని కన్యాదాత అడుగుతాడు. వరుడు "నాతిచరామి", మీరి నడవను అంటాడు. సినిమాల పుణ్యమా అని ఆ మాట అందరికీ తెలుసు. కానీ అది జవాబు అని ఎంతమందికి తెలుసు? దాని ముందున్న ప్రశ్న కన్యాదాత నోటి నుంచి వస్తే, తండ్రి కళ్లలోకి చూస్తూ వరుడు జవాబిస్తే, అది రెండు కొండల మీద నిలబడి ఆమెన్ అన్నంత పని. ప్రశ్న మైకులో పురోహితుడే అడిగి, జవాబు కూడా ఆయనే అందించి, వరుడు సంథ చెప్పుకున్నట్టు తిరిగి చెబితే ఏమవుతుంది? చెల్లదని నేను అనను. కానీ ముప్పై ఏళ్ల తర్వాత ఆ అబ్బాయికి తను ఏం మాట ఇచ్చాడో గుర్తుండదు. అసలు ఇచ్చినట్టే గుర్తుండదు.

మనకి జవాబు చెప్పడం రాదని మాత్రం అనకండి. అలిపిరి మెట్ల మీద ఎవరో ముందునుంచి ఒక్క కేక వేస్తే వెనకున్నవాళ్లంతా "గోవిందా" అంటారు. కాళ్లు పీకుతున్నవాడు, చంకలో పిల్లాడున్న తల్లి, భాష రాని రాజస్థాన్ యాత్రికుడు, అందరూ. దానికి కాగితం లేదు, లావు అక్షరాలు లేవు. శివాలయంలో పార్వతీపతికి ఒకరు నమస్సు చెబితే చాలు, "హర హర మహాదేవ" అని హాలంతా మోగుతుంది. అర్చన చేసేటప్పుడు ప్రతి నామం చివర "నమః" అందరూ కలిసి అంటే ఎంత తేడాగా ఉంటుందో, మన కార్తిక మాసం లైవ్‌లో చూశారు.

మరి ఏం చేయొచ్చు

చర్చిలా కాగితాలు అచ్చువేయాలని నేననడం లేదు. నాకు అడగాలనిపించేది మూడే మాటలు. కార్యక్రమానికి రెండు రోజుల ముందు పురోహితుడికి ఫోన్ చేసి, "స్వామీ, ఇందులో నేను నా నోటితో అనాల్సినవి ఏవి, వాటి అర్థం ఏమిటి?" అని అడగండి. నేను చూసినంతలో ఈ ప్రశ్న అడిగితే విసుక్కునేవాళ్లు తక్కువ, సంతోషించేవాళ్లు ఎక్కువ. ఇన్నాళ్లకి ఒకరు అడిగారని. రెండోది, ఆ నాలుగైదు మాటల దగ్గర ఒక్క క్షణం ఆగమని ఆయన్నే కోరండి. మొత్తం మీద రెండు నిమిషాలు కూడా పెరగదు. మూడోది ఫోటోగ్రాఫర్‌కి: "ఇదం న మమ", "నాతిచరామి" దగ్గర ఇటు తిరగండి అనొద్దని ముందే చెప్పండి.

యూట్యూబ్‌లో మన వ్రతం వీడియో పెట్టుకుని పూజ చేసుకునేవాళ్లు విదేశాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకి ఈ చిక్కు రెట్టింపు. రికార్డింగ్ మీ జవాబు కోసం ఆగదు, అడిగేదీ అనేదీ అదే. అందుకే వచ్చే శుక్రవారం వస్తున్న పుణ్యాహవాచనం వీడియోని వేరేగా ఎడిట్ చేశాం. యజమాని అనాల్సిన మాటలు స్క్రీన్ మీద పసుపు రంగులో, కింద తెలుగు అర్థంతో వస్తాయి. ఆడియోలో ఆ మాటలు ఉండవు. ఒక్కోదానికి ఆరు సెకన్ల ఖాళీ వదిలాం. మొదటిసారి ఆ నిశ్శబ్దం వస్తే నెట్ ఆగిందేమో అనుకుని స్క్రీన్ మీద నొక్కకండి. అది మీ వంతు.